అలుగు ఉన్నదా, లేదా

మా నాయన వేలికి ఉన్న ఒక ఉంగరం ఆయన్ని జైలుకూ నన్ను ఇంటికీ పంపుతుందని, కుప్పంలో ఒక వేసవి అంతా భయపడుతూ బతికాను. అది బంగారమూ కాదు, వెండీ కాదు. అలుగు చిప్పతో చేసిన ఉంగరం. అలుగంటే ఒళ్ళంతా చిప్పల్లాంటి గట్టి పొలుసులుండి, చీమల్నీ చెదల్నీ తిని బతికే జంతువు. అలికిడి వింటే బంతిలా చుట్టుకుపోతుంది. పరుగెత్తదు, కరవదు. దాన్ని పట్టడానికి ధైర్యం అక్కర్లేదు, గోనెసంచి ఉంటే చాలు.

నేను అటవీ శాఖలో గుమస్తాను. డెబ్బైలలో పుంగనూరులో, ఆ తర్వాత మదనపల్లెలో, ఎనభైల మొదట్లో కుప్పంలో పనిచేశాను. రోజూ డైరీ రాయడం ఉద్యోగంతో పాటే అలవాటైంది. ఆ వేసవి పుటలు ఇప్పుడు తిరగేస్తే ఎండ ఎలా ఉందో, ఇంట్లో కూరేమిటో, జీపు ఎటు పోయిందో ఉన్నాయి. ఉంగరం మాట ఎక్కడా లేదు. రాసుకోవడానికి కూడా భయపడ్డాను. అందుకని ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నదే.

ఆ ఉంగరం కొన్నప్పుడు భయమేమీ లేదు. నేను పుంగనూరులో కొత్తగా చేరిన రోజులు. మా నాయనకు మొలల బాధ. కూర్చోలేడు, నిలబడలేడు. ఆపరేషన్ చేయించమని డాక్టర్ అన్నాడు. నాయన ఆ మాట విని మదనపల్లె ఆస్పత్రి నుంచి నేరుగా ఊళ్ళోని సంతకు నడిచాడు. అక్కడ ఒక సాయిబు కొమ్ముతో దువ్వెనలు, ఉంగరాలు చేసి అమ్మేవాడు. ఒక పక్క చింతపండు, ఒక పక్క వక్కలు, మధ్యలో గోనెపట్టా మీద ఆయన పోసుకున్న అలుగు చిప్పలు. ఎవరూ వింతగా చూసేవారు కాదు.

"ఎడమసేతి ఉంగరం యేలికి యేసుకో అన్నా, బవాసీర్ పరార్!" అన్నాడు సాయిబు.

"పరారు కాకపోతే?"

"కాకపోతే ఉంగరం తెచ్చి నా మొకాన కొట్టు. నేనే పరార్."

నాయన నవ్వాడు. సాయిబు అక్కడికక్కడే చిప్పను చీల్చి, వేడి నీళ్ళలో మెత్తబరిచి, వేలికి సరిపోయేలా వంచి ఇచ్చాడు. కొన్నాళ్ళకు బాధ తగ్గింది. ఉంగరం వల్లనో, పచ్చిమిరపకాయలు మానినందువల్లనో నాకు తెలియదు. మా నాయనకు మాత్రం తెలుసు. ఆ తర్వాత ఆయన దాన్ని తీయలేదు.

అడవి జంతువుల రక్షణ చట్టం పట్టికలు పుంగనూరు ఆఫీసుకు వచ్చినప్పుడు వాటిని ఫైలులో పెట్టే పని నాది. అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నవి మొదటి పట్టికలో. ఎవరైనా చంపవచ్చన్నవి చివరి పట్టికలో: కాకి, ఎలుక, పండ్లు తినే గబ్బిలం. ఆఫీసులో ఆ రోజంతా దాని మీదే హాస్యాలు. "కాకిని కాల్చుకోవచ్చంట సార్, పితరులకు పెట్టే పిండం ఎవురు తింటారో రాసినారా?" అని బంట్రోతు అడిగాడు. నేనూ నవ్వుతూ మొదటి పట్టిక చదువుతున్నాను. పులి ఉంది. చిరుతపులి ఉంది. ఇంకొంత కిందికి పోతే ఇంగ్లీషులో నాకు తెలియని పేరు ఒకటి ఉంది. అదేమిటని రేంజరుగారిని అడిగాను.

"అలుగయ్యా."

"పులి పక్కన అలుగా సార్?"

"పక్కనే. శిక్ష కూడా పక్కనే."

నవ్వు అక్కడే ఆగిపోయింది. అడవిలో ఏ జంతువూ చోటు మారలేదు. నిన్న చింతపండు పక్కన ఉన్నది ఇవాళ పులి పక్కకు పోయింది. మా నాయన వేలు కూడా దాంతో పాటే పోయింది.

తర్వాత మదనపల్లెకు బదిలీ అయినప్పుడు ఆ సాయిబును చూశాను. గోనెపట్టా మీద దువ్వెనలు మాత్రమే ఉన్నాయి. నేను ఎక్కడ పనిచేస్తానో ఆయనకు తెలిసిపోయినట్టుంది, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సాబ్, ఒక మాట. షేర్ మనుషుల్ని తింటాది, అలుగు చీమల్ని తింటాది. రెండిటికీ ఒకే జాగా యాల ఇచ్చినారు?"

"తినేదాన్ని బట్టి కాదు భాయ్. ఎన్ని మిగిలినాయనే దాన్ని బట్టి."

"ఎవురు లెక్కబెట్టినారు?"

ఆయన గొంతు తగ్గించాడు. "నేను ఉంగరాలు సేసేవాణ్ణని ఎవురితోనూ సెప్పొద్దు సాబ్. పిల్లలు గలోణ్ణి."

ఆ మాటే నేను ఆయనతో అనాలనుకుని వెళ్ళాను.

కుప్పం వచ్చాక భయం ఇంట్లోకి వచ్చింది. మా ఊరు గుడుపల్లె దగ్గర కొండ కింద; ఆ కొండలో ప్రతి పుట్టా నాయన ఎరుగును. అమ్మ పోయాక నాయన మా దగ్గరికి వచ్చాడు. మా క్వార్టర్సు ఆఫీసు వెనకే, మధ్యలో గోడ కూడా లేదు. నాయన పొద్దున్నే ఆఫీసు వరండా మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళకు దండాలు పెట్టేవాడు, ఉంగరమున్న చెయ్యి కూడా ఎత్తి. ఒకసారి ఎవరో ఒకతను జింక చర్మం అమ్మబోతూ పట్టుబడ్డాడు. అతన్ని ఆ వరండాలోనే కూర్చోబెట్టారు. అతని పెండ్లాం సద్ది తెచ్చి, లోపలికి రానివ్వకపోతే, ఎండలో గిన్నె పట్టుకుని నిలబడింది. నాయన ఆ మనిషి పక్కనే కూర్చుని, "ఏం సేసినావప్పా?" అని అడుగుతున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అతని చేతులకు తాడు. నాయన వేలికి ఉంగరం. రెంటి మధ్య జానెడు ఎడం.

ఆ మధ్యాహ్నమే నాయనను లోపలికి పిలిచి ఉంగరం తీయమన్నాను.

"యాల?"

చెప్పాను. విన్నాడు. "దాన్ని నేను సంపినానా? దుడ్లిచ్చి కొనుక్కున్యా."

"దగ్గరుంటే చాలు నాయినా, ఎవురు సంపినా ఒకటే. అటవీ శాఖ గుమస్తా ఇంట్లో దొరికితే నన్ను ఒక్క పూట కూడా ఉంచరు."

సబ్బు రాశాము, ఆముదం పూశాము. వేలు కణుపు దగ్గర లావైపోయి ఉంది. ఉంగరం కదల్లేదు. కోద్దామంటే ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఇది పోతే ఆ నొప్పి మళ్ళీ వస్తాది. జైల్లోనన్నా కూర్చోవచ్చు, ఆ నొప్పితో యాడా కూర్చోలేను."

నా భార్య పాత ధోవతి పీలిక తెచ్చి వేలికి కట్టు కట్టింది. "ఎవురన్నా అడిగితే దెబ్బ తగిలిందని సెప్పండి మామా."

"లేని దెబ్బకు కట్టు కడితే ఉండే దెబ్బ వస్తాదమ్మా," అన్నాడు నాయన.

సరిగ్గా అప్పుడే అలుగు సర్వే వచ్చింది.

ఏ జంతువు ఎక్కడ సామాన్యం, ఎక్కడ అరుదు, ఎక్కడ పూర్తిగా పోయింది అని పైవాళ్ళకు తెలియాలి. ఆ పని మీద ఒక ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు, నన్ను "మీరు" అనేవాడు. ఆయన రాకముందే అచ్చు కాగితాలు ఊళ్ళలోని కరణాలకు వెళ్ళాయి. మీ గ్రామంలో అలుగు ఉన్నదా, లేదా? ఎప్పుడెప్పుడు కనిపిస్తుంది? ఏ స్థితిలో ఉన్నది? జవాబులు వచ్చాయి. కలకడ వైపు, పెద్దతిప్పసముద్రం వైపు, మా కుప్పం వైపు, దాదాపు అన్ని ఊళ్ళలోనూ ఉన్నది! ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "ఇన్ని ఉంటే దీన్ని మొదటి పట్టికలో ఎందుకు పెట్టారండీ? ఇది సామాన్యమే!" అన్నాడు.

ఆయన కంటే నాకు ఎక్కువ సంతోషం. సామాన్యమైతే పట్టిక మారుతుంది. పట్టిక మారితే నాయన వేలు మా ఇంటికి తిరిగి వస్తుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

మరునాడు మిగిలిన కాగితాలు చూస్తుండగా ఒకటి చేతికి వచ్చింది. అలుగు ఉన్నదా? ఉన్నది. ఎప్పుడెప్పుడు కనిపిస్తుంది? ఎప్పుడూ కనిపిస్తుంది. ఏ స్థితిలో ఉన్నది? "శిథిలము. మరమ్మతు చేయించవలెను."

మరమ్మతు అన్నచోట సంగతి బోధపడింది. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే కట్టడాన్ని మా వైపు మొరవ అంటాము. కానీ సర్కారు కాగితాల్లో దాన్ని అలుగని రాస్తారు. కరణాలు జీవితమంతా ఆ కాగితాలతో బతికినవాళ్ళు. కొండలో అలుగును నోటితో అలుగనే అంటారు, కాగితం మీద అలుగు కనబడితే మాత్రం చెరువు కట్ట వైపు చూస్తారు. సర్కారుకు మొరవలు కావాలిగానీ చీమలు తినే జంతువు ఎందుకు కావాలి?

ఆఫీసరుకు చూపించాను. మొదట పడిపడి నవ్వాడు. తర్వాత కాగితాలన్నీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటీ తిరగేశాడు. నవ్వు పోయింది. చెరువు ఉన్న ఊళ్ళన్నిటిలోనూ అలుగు ఉంది. చెరువు లేని ఊళ్ళలో లేదు.

"అంటే మనకు ఏమీ తెలియదండీ," అన్నాడు. "జీపు తీయించండి."

ఆ తిరుగుడు నేను మరచిపోలేను. జీపు ఊళ్ళోకి రాగానే మొదట కుక్కలు, తర్వాత పిల్లలు, చివరికి పెద్దలు వచ్చేవాళ్ళు. అడివి జీపు అని తెలియగానే నోళ్ళు మూతబడేవి. పెద్దతిప్పసముద్రం దాటాక ఒక పల్లెలో ఆఫీసరు అడిగాడు.

"మీ కొండలో అలుగు ఉందా?"

"లేదు సామీ," అన్నాడు ఒక ముసలాయన.

"ఎప్పుడైనా చూశారా?"

"పుట్టినప్పట్నుంచీ సూడలేదు."

"అదెట్లా ఉంటుందో తెలుసా?"

"తెలీకేం సామీ! ఇంత పొడుగుంటాది, తోక బలంగా ఉంటాది, కూర..." పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచింది. "...కూర బాగుంటాదని మా తాత సెప్పేవాడు."

గుంపంతా నవ్వింది. ఒక్కసారిగా ఆపేసింది. ఆ ముసలాయన మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని జీపునే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. మా ఇంట్లో అద్దంలో రోజూ చూస్తున్నదే.

దారిలో ఆఫీసరు నాతో అన్నాడు: "కనిపించలేదంటే పోయిందని కాదు. కనిపిస్తే ఎక్కువ ఉన్నాయనీ కాదు. ఇదివరకు ఏయే కొండల్లో ఉండేది, ఇప్పుడు వాటిలో ఎన్నిట్లో లేదు, అది తెలిస్తేగానీ ఒక జంతువును ఏ వరసలో పెట్టాలో చెప్పలేం. ఒక్క కొండ గురించైనా గట్టిగా తెలిసిన మనిషి దొరికితే బాగుండు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ మనిషి మా ఇంట్లో వేలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు.

కుప్పం హోటలు కారం ఆఫీసరుకు పడలేదు. రేంజరుగారు అందరి ముందూ, "మన గుమస్తా ఇంట్లో భోంచేయండి, వాళ్ళావిడ చేతి వంట బాగుంటుంది" అనేశారు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ముందుగా పరుగెత్తి ఇంట్లో చెప్పేలోపలే ఆయన నా వెనకే గుమ్మంలో ఉన్నాడు.

నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"వేలికేమైంది పెద్దాయనా?"

"తేలు కుట్టింది సామీ," అన్నాడు నాయన.

అదే క్షణంలో వంటింట్లోంచి నా భార్య, "తలుపు సందులో పడింది సార్," అంది.

నాయనే తేరుకున్నాడు. "తలుపు సందులో తేలుండింది సామీ. రెండూ ఒకేసారి."

ఆఫీసరు నవ్వుతూ పీట మీద కూర్చున్నాడు. బతికామనుకున్నాను. అన్నం కలుపుతూ ఆయన మళ్ళీ వేలి వైపు చూశాడు. నా భార్య ఆ రోజు భయానికి కట్టు మరీ బిగించింది. వేలి కొస నల్లబడింది. "ఇదేమిటండీ, రక్తం ఆడటం లేదు, ఇలాగే వదిలేస్తే వేలు పోతుంది," అని ఎడమచేత్తో ముడి లాగేశాడు. పీలిక జారిపోయింది.

నా చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియలేదు.

"ఎనుము కొమ్ము సామీ," అన్నాడు నాయన. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "ఎనుము కొమ్ము."

ఆఫీసరు ఆ చేతిని కిటికీ వెలుతురులోకి తిప్పాడు. ఉంగరం తేనె రంగులో మెరిసింది. దాని మీద సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి.

"అవును, ఎనుము కొమ్మే," అన్నాడు ఆఫీసరు. చేయి వదిలేశాడు. "మజ్జిగ పోయండి."

భోజనమయ్యాక జీపు దగ్గర నాతో ఒక్కడితోనే మాట్లాడాడు.

"గుమస్తా గారూ, గేదె కొమ్ముకు గీతలుండవు."

"సార్..." అన్నాను.

"నేనేమీ చూడలేదు. చూశానంటే కేసు రాయాలి. కానీ నా ఇబ్బంది కూడా వినండి. ఇంట్లో చిప్ప ఉన్నవాడికే అలుగు సంగతి తెలుస్తుంది. చిప్ప ఉన్నవాడే నోరు విప్పడు. తిరిగిన చోటల్లా లేదు, లేదు, లేదు. అది నిజమో, భయమో నాకు తెలియడం లేదు. రెండు రోజుల్లో మదనపల్లె వెళ్ళిపోతాను. మీ నాయనగారి ఊరి కొండలో ఇప్పుడు ఉందో లేదో చెప్తే చాలు. ఎలా తెలుసని అడగను."

ఇంట్లోకి వచ్చి ఆ మాటలన్నీ నాయనకు చెప్పాను. నమ్మలేదు. "ఎర ఏస్తాండాడు రా," అన్నాడు. సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు. బయట జీపు కదిలినప్పుడల్లా చేతిని పంచెలో దాచుకున్నాడు. చీకటి పడేముందు నన్ను పిలిచి చేయి చాపాడు. "కొయ్యి."

ఆకురాయితో అరగదీశాను. చర్మానికి తగలకుండా అడుగున గరిటె కాడ పెట్టింది నా భార్య. ఉంగరం విరిగింది. పొయ్యిలో వేస్తే వెంట్రుకలు కాలిన వాసన ఇల్లంతా నిండింది. ఆ వాసన ఆఫీసు దాకా పోతుందేమోనని కిటికీలు మూశాము. పొగకు దగ్గుతూ ముగ్గురం లోపలే కూర్చున్నాం.

నాయన వేలు రుద్దుకున్నాడు. అక్కడ తెల్లటి గాడి. "రేపు దొరను రమ్మను. సూపిస్తా."

మరునాడు పొద్దున గుడుపల్లె వైపు వెళ్ళాం. నాయన ముందు సీట్లో కూర్చున్నాడు. కొండ కింద జీపు ఆపగానే ఎప్పటిలాగే జనం చేరారు. మా ఊరివాళ్ళు కొందరు, నేనెరుగనివాళ్ళు కొందరు. ఒకడి భుజాన గడ్డపార ఉంది. రాళ్ళు కొట్టేవాడేమో. వద్దన్నా మా వెనకే వచ్చారు.

నాయన దారి వెతుక్కోలేదు. బలుసు పొదల పక్కగా ఎక్కి ఒక పుట్ట దగ్గర ఆగాడు. పుట్టకు ఒక పక్క గోళ్ళతో చీల్చినట్టుంది. మన్ను ఇంకా తడిగా ఉంది. దాని వెనక బండ కింద బొక్క. బొక్క ముందు మెత్తటి మట్టిలో తోక ఈడ్చిన గీత. నాకు కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. ఆఫీసరు కిందినుంచి రొప్పుతూ వస్తున్నాడు.

నాయన ఆ గీతను చూశాడు. తర్వాత తలెత్తి వెనక వస్తున్న జనాన్ని చూశాడు. గడ్డపారవాడు అందరికంటే ముందున్నాడు. "ఏమన్నా దొరికిందా పెద్దాయనా?" అని అరిచాడు.

నాయన రెండడుగులు ముందుకేసి గీత మీద నిలబడ్డాడు.

"ఏం లేదప్పా," అన్నాడు. ఆఫీసరు వచ్చాక ఆయనతో కూడా అదే అన్నాడు. "ఇది ముండ్లపంది బొక్క సామీ. అలుగు ఎప్పుడో పొయ్యింది. నేను సెప్పేది నా సిన్నప్పటి మాట."

నిన్న ఎనుము కొమ్మన్నప్పుడు చిన్నబోయిన గొంతు ఇవాళ గట్టిగానే ఉంది. ఆఫీసరు ఆయన ముఖంలోకి చూశాడు, కాళ్ళ వైపు చూశాడు. కాళ్ళు కదల్లేదు. "సరే పెద్దాయనా," అని జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తర్వాత నేనే టైపు చేశాను కాబట్టి తెలుసు. ఆ కొండకు ఎదురుగా "లేదు" అని ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "భయమెందుకు నాయినా, ఉంగరం లేదు గదా?"

"నాకేం భయం? నా వేలు సూడు, ఖాళీ." కాసేపు అన్నం కెలికాడు. "దాని పేరు రాస్తే దాని ఊరు గూడా రాయాల గదా? నీ కాగితాన్ని దొర ఒక్కడే సదువుతాడా?"

ఆ తర్వాత నాయన అప్పుడప్పుడు గుడుపల్లె బస్సెక్కి వెళ్ళేవాడు. చుట్టాలని ఒకసారి, చింతపండని ఒకసారి చెప్పేవాడు. మొలల నొప్పి తిరిగి వచ్చింది. బస్సులో నిలబడే పోయి, నిలబడే వచ్చేవాడు. ఆయన వచ్చే వేళకు నేను వాకిట్లో ఉండేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక, "ఉండాదా?" అని అడిగాను.

నాయన ఆఫీసు వైపు చూసి, కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందుకున్నాడు.

"అడగాకు. అడిగితే నీకు తెలుస్తాది. నీకు తెలిస్తే ఆడ తెలుస్తాది."